కింద ఏమీ లేదు

మార్చి 4, మంగళవారం

చైనా నుంచి వచ్చిన సిరా బొమ్మ పని అయిపోయింది. ట్రాక్ నంబర్ 12. నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు. ఒక్క టేక్‌లో చదివేశాను. సౌండ్ చూసే అతను అద్దం వెనక నుంచి బొటనవేలు ఎత్తి చూపించాడు. పద్నాలుగేళ్లుగా ఇదే పని, ఇప్పటికీ ఆ బొటనవేలి కోసం చూస్తాను. సిగ్గు లేదు నాకు.

మ్యూజియంకి వచ్చే చూపులేనివాళ్లకి హెడ్‌ఫోన్ ఇస్తారు. గోడ మీద ఏముందో అందులో చెప్పే గొంతు నాది. అందంగా ఉంది, అద్భుతంగా ఉంది అనకూడదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. పైనుంచి కిందికి, కుడి నుంచి ఎడమకి.

ఈ బొమ్మ పెద్దది. ఇద్దరు మనుషులు ఒకరి మీద ఒకరు నిలబడ్డంత ఎత్తు. కాగితం మీద నల్ల సిరా. గీసినావిడ నాకంటే చిన్నది, గీసి మూడేళ్లే అయిందట. పైన కుడివైపు సగం కూల్చేసిన అపార్ట్‌మెంట్. ఒక పక్క గోడ ఊడిపోయి గదులన్నీ లాగి వదిలేసిన సొరుగుల్లా కనిపిస్తాయి. ఆరో అంతస్తులో ఒక కిటికీ మిగిలింది. అందులోంచి ఒకావిడ మోచేతులు ఆనించి కిందికి చూస్తోంది. ఆవిడ కింద దుమ్ము. దుమ్ము పలచబడి పలచబడి తెల్ల కాగితం అయిపోతుంది. మూడింట రెండొంతులు ఖాళీ.

చివరి వాక్యాలు ఇలా రాశాను. ఆమె కిందికి చూస్తోంది. కింద ఏమీ లేదు. కాగితం ఉంది, అంతే.

బాగా వచ్చిందని నాకు తెలుసు. మిగతావాళ్లలా కంప్యూటర్‌లో ఫొటో చూసి రాయను నేను. బొమ్మకి ఎదురుగా నేల మీద టేపు ముక్క అతికించుకుని, దాని మీద నిలబడి రాస్తాను. రాసింది రెండోవాళ్లు బొమ్మతో సరిచూడాలని రూలు ఉంది. నాకు ఆ రూలు వర్తించదని నేనే అనేసుకుని చాలా కాలమైంది.

ఇంటికొస్తూ మళ్లీ ఆఖరి మెట్టు దగ్గర తూలాను. తర్వాత బల్ల మీది కప్పు నా చెయ్యి తగిలి పడింది. నెల రోజుల్లో ఇది మూడోదట. మా ఆయన లిఫ్టులు రిపేరు చేస్తాడు, లెక్క తప్పడు. ఇంక నీకు స్టీలు గ్లాసే దిక్కు అన్నాడు.

మార్చి 6, గురువారం

గురువారం సార్ వచ్చాడు. ప్రతి గురువారం పదకొండు గంటలకి వస్తాడు కాబట్టి ఆ పేరు. ఒకప్పుడు పియానోలు శ్రుతి చేసేవాడు. ముప్ఫయ్యో ఏట చూపు పోయింది. పొగడ్త అనేది ఆయన నోట ఎప్పుడూ వినలేదు. నా ట్రాకుల్లో తప్పులు పట్టడం ఆయన హాబీ. ఎప్పుడూ చెల్లెలు వెంట ఉంటుంది. ఇవాళ ఆవిడకి జ్వరమట, ఒక్కడే వచ్చాడు. గది కాపలా పెద్దాయన చెయ్యి అందించి తీసుకెళ్లాడు.

ట్రాక్ 12 మూడుసార్లు విన్నాడు. కిటికీలో ఆవిడకి ఎంత వయసుంటుంది అని అడిగాడు. నలభై ఉండొచ్చు సార్ అన్నాను. కిందికి దింపేవాళ్లెవరూ లేరా అన్నాడు. లేరు సార్ అన్నాను. చాలాసేపు అక్కడే నిలబడి, ఊఁ అని వెళ్లిపోయాడు.

తప్పు పట్టలేదు. ఇంటికొచ్చేదాకా పొంగిపోతూనే ఉన్నాను.

మార్చి 11, మంగళవారం

క్యూరేటర్ మేడమ్ బ్రోచర్ వేయించింది. వెనక అట్ట మీద పెద్ద అక్షరాల్లో నా మాటే. కింద ఏమీ లేదు. నా పేరు లేదు, అది మామూలే.

అమ్మకి చూపించాను. భూతద్దం పెట్టుకుని చదివి, ఏమీ లేదని చెప్పడానికి ఇంత పెద్ద కాగితమా అంది.

మార్చి 13, గురువారం. మధ్యాహ్నం 12

భోజనానికి వెళ్లకుండా ఇది రాస్తున్నాను.

సార్, చెల్లెలు ఇద్దరూ వచ్చారు. నేను స్తంభం వెనక నిలబడి వింటున్నాను. జనం నా గొంతు వింటుంటే చాటుగా చూడటం నాకున్న చెడ్డ అలవాటు. చెల్లెలికి గుసగుస అంటే ఏమిటో తెలీదు, ఆవిడ గుసగుస పక్క గదికి కూడా వినిపిస్తుంది. ట్రాక్ అయిపోయాక, ఆ కింద మనిషి గురించి చెప్పనే లేదేంటి అన్నయ్యా ఈవిడ అంది. ఏ మనిషి అన్నాడు సార్. అదే, ఎడమవైపు కింద, చిన్నగా ఉన్నాడే, నోటి దగ్గర చేతులు పెట్టుకుని ఆవిణ్ణి పిలుస్తున్నాడు కదా అంది. ఎవరూ లేరని ఆ అమ్మాయి చెప్పింది కదా అన్నాడు సార్. నాకు కళ్లున్నాయి అన్నయ్యా అంది చెల్లెలు.

నేను ముందుకొచ్చాను. నవ్వుతూ, కాగితం మీద మరక అయ్యుంటుందండీ అన్నాను. బొమ్మ వైపు చూడకుండానే అన్నాను. చూడకుండా ఎందుకన్నానో ఇంకా అర్థం కావట్లేదు.

మరకకి చేతులుంటాయా అమ్మా అంది ఆవిడ.

సార్ హెడ్‌ఫోన్ తీసి వైరు చక్కగా చుట్టాడు. ఎప్పుడూ నా చేతికే ఇస్తాడు. ఇవాళ కాపలా పెద్దాయన కోసం చెయ్యి చాపాడు.

సాయంత్రం 4

వెళ్లి చూడలేదు. గదినిండా స్కూలు పిల్లలున్నారని చెప్పుకున్నాను. వాళ్లు వెళ్లిపోయి గంటైంది. ఇంకా నా సీట్లోనే ఉన్నాను.

మార్చి 14, శుక్రవారం. ఉదయం 8:30

ఉన్నాడు.

తలుపులు తెరవకముందే వెళ్లాను. తిన్నగా ఎడమ మూలకి నడిచి వంగి చూశాను. నా బొటనవేలి మొదటి కణుపంత ఉన్నాడు. పలచటి బూడిదరంగు సిరా. ఆరో ఏడో గీతలు, అంతే. తల వెనక్కి వాల్చాడు, రెండు చేతులూ నోటికి అటూ ఇటూ పెట్టుకున్నాడు, కాళ్ల మధ్య ఒక సంచి ఉంది.

ఇది ఇంకెవరికీ చెప్పలేను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. నాకు మొదట వచ్చిన ఆలోచన, రాత్రికి రాత్రి ఎవరో వచ్చి గీశారని. కాపలా పెద్దాయన్ని అడిగాను కూడా, బొమ్మ మార్చారా అని. దాన్ని కదపాలంటే ఎనిమిది మంది కావాలమ్మా, ఎవరొచ్చి మారుస్తారు అన్నాడు.

అప్పుడు వెనక్కి నడిచి నా టేపు ముక్క మీద నిలబడ్డాను. పైన ఆవిణ్ణి చూశాను. కింద ఎవరూ లేరు. శుభ్రమైన తెల్ల కాగితం. చూపు కిందికి దించాను. ఉన్నాడు. పైకెత్తాను. లేడు. ఇలా పదకొండు సార్లు. రాసిన రోజు ఆవిడ మీంచి చూపు దించనే లేదన్నమాట. పెద్దాయన నేను మెడకి ఎక్సర్‌సైజ్ చేస్తున్నాననుకుని ఉంటాడు.

సిరా పలచన, దూరం ఎక్కువ, లైటు తక్కువ. ఈ మూడూ చెప్పుకుని చూశాను. చివరికి పెద్దాయన్నే టేపు మీద నిలబెట్టాను. పైన ఆవిణ్ణే చూస్తూ ఉండండి, కింద మనిషి కనిపిస్తున్నాడా చెప్పండి అన్నాను. కొంచెం మసగ్గా ఉన్నాడు గానీ ఉన్నాడమ్మా, ఎక్కడికి పోతాడు అన్నాడు.

ఆయనకి అరవై దాటాయి. కళ్లద్దాలు కూడా లేవు.

మార్చి 15, శనివారం

ఎవరికీ చెప్పలేదు.

మార్చి 17, సోమవారం

మ్యూజియంకి సెలవు. మా ఆయన పనికి వెళ్లాడు. అమ్మ స్నానానికి వెళ్లగానే గోడకి పేపరు అతికించి, మధ్యలో పెన్నుతో చుక్క పెట్టాను. ఎర్ర బటన్ ఒకటి పుల్లకి గుచ్చి, చుక్క మీంచి చూపు తియ్యకుండా ఆ పుల్లని అటూ ఇటూ జరిపాను. ఒక కన్ను మూసుకుని, తర్వాత రెండోది మూసుకుని, తర్వాత రెండూ తెరుచుకుని.

పైన ఎక్కడ పెట్టినా బటన్ ఉంది. కింద కుడివైపు కొంత మేర ఉంది. కింద ఎడమవైపు లేదు.

నల్లగా కనిపిస్తుందేమో అనుకున్నాను. నలుపు కనిపిస్తే ఎప్పుడో తెలిసిపోయేది. నలుపు లేదు. బటన్ ఉండాల్సిన చోట గోడ ఉంది. గోడ మీద పాత రంగు పగుళ్లు కూడా సాగుతున్నట్టే ఉన్నాయి. నా కళ్లు ఖాళీని అక్కడున్న దాంతోనే పూడ్చేస్తున్నాయి. గోడ ఉంటే గోడతో. కాగితం ఉంటే కాగితంతో.

కప్పులు మూడు. ఆఖరి మెట్టు. మోకాలి కింద దెబ్బ, ఆ స్టూలు ఎవరు అడ్డం పెట్టారని అమ్మ మీద అరిచాను కూడా. మెట్ల మీద పడుకున్న పక్కింటి కుక్క తోక తొక్కాను, కుక్కనే తిట్టాను. అన్నిటి మీదా నెపం వేశాను, నా కళ్ల మీద తప్ప.

నాన్నకి యాభై రెండో ఏటికి చూపు పూర్తిగా పోయింది. గ్లకోమా, కంట్లో ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోయే జబ్బు. నాకు నలభై ఆరు.

అమ్మ స్నానం నుంచి వచ్చి, గోడకి ఆ పేపరేంటి అంది. ఆఫీసు పని అన్నాను.

మార్చి 18, మంగళవారం

క్యూరేటర్ మేడమ్‌కి చెప్పేద్దామని వెళ్లాను. కళ్ల సంగతి కాదు. ట్రాక్‌లో తప్పుందని మాత్రం.

మేడమ్, ఆ బొమ్మలో కింద ఒక మనిషి ఉన్నాడు అని మొదలుపెట్టాను. మరి, అక్కడే ఉంది నీ గొప్పతనం అంది. మనిషి కళ్లెదురుగా ఉన్నా కింద ఏమీ లేదనడం ఎంత ధైర్యం, ఆమెకి ఆ పిలుపు అందడం లేదనేగా నీ ఉద్దేశం అంది. డైరెక్టర్ కూడా మెచ్చుకున్నాడట.

తల ఊపాను. ఊపాను! నా మెడ మీద నాకే ఒళ్లు మండింది.

కిందికొచ్చి చూస్తే ఆ గదిలో జనం. బ్రోచర్ చేతిలో పట్టుకుని, కింద మనిషిని చూసి, నా వాక్యం చదివి, ఏదో అర్థమైనట్టు తలలు పంకిస్తున్నారు. చూపున్నవాళ్లకి నా తప్పు కవిత్వంలా ఉంది. చూపులేనివాళ్లకి అది అబద్ధం. నాకు జీతం ఇచ్చేది ఆ రెండోవాళ్ల కోసం.

చెబితే ఉద్యోగం ఉంటుందా? కళ్లు కనపడని మనిషికి, చూసి చెప్పే పని ఎవరిస్తారు?

మార్చి 20, గురువారం

పదకొండు నుంచి పన్నెండున్నర దాకా హెడ్‌ఫోన్లు పెట్టే గదిలో దాక్కున్నాను. నలభై హెడ్‌ఫోన్ల స్పాంజీలు తుడిచాను. అన్నీ నిన్ననే తుడిచినవి.

సార్ వచ్చాడట. ఆ గొంతావిడ లేదా అని అడిగాడట. హెడ్‌ఫోన్ తీసుకోలేదట. చెల్లెలే ఆవిడకి తోచినట్టు చెబుతుంటే వింటూ తిరిగాడట.

పద్నాలుగేళ్లలో నా గొంతు వద్దనుకున్న మొదటి మనిషి.

మార్చి 22, శనివారం

అమ్మ బఠాణీలు ఒలుస్తోంది. పక్కన కూర్చుని, ఏదో మాటల్లో వచ్చినట్టు, నాన్నకి ఎలా మొదలైందమ్మా అని అడిగాను.

నాన్న డ్రైవింగ్ నేర్పేవాడు. కారు మీద బోర్డు, ఆయన కూర్చునే పక్క సీటు కింద రెండో బ్రేకు. ఆయన పద్ధతికి చాలా పేరు. బండి నడిపేవాళ్లు ఎదురుగా ఏం కనిపిస్తే అది పైకి చెబుతూ నడపాలి. ఎర్ర లైటు. సైకిలు. గొడుగు పట్టుకున్న ఆవిడ. చెప్పకపోతే తిట్లు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు బండి ఎక్కడా గుద్దరని అందరూ అనేవాళ్లు. ఆదివారాలు నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టి నా చేత కూడా చెప్పించేవాడు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఈ ఉద్యోగం ఇంటర్వ్యూలో ఆ సంగతే గొప్పగా చెప్పుకున్నాను, చూడటం మా నాన్న నేర్పాడని.

పద్ధతీ లేదు, పాడూ లేదు అంది అమ్మ. ఆయనకి రోడ్డు సగం కనపడక పెట్టుకున్న ఏర్పాటు అది అంది.

నాలుగేళ్లు అలా నడిపాడట. నీకు తెలుసా అన్నాను. ఆఖరి మెట్టు దగ్గర తడబడుతుంటే అనుమానం వచ్చింది, అడిగితే కసిరాడు, నేనూ ఊరుకున్నాను అంది. ఊరుకున్నాను అంటూ ఒలిచిన గింజల్ని తొక్కల్లో వేసింది.

తర్వాత ఒక బిడియస్తురాలైన అమ్మాయి నేర్చుకోడానికి వచ్చిందట. నోరు పెగిలేది కాదట. ఒకరోజు ఆగి ఉన్న ఇటుకల బండి గురించి చెప్పలేదు. నాన్నకి అది కనపడలేదు, బ్రేకు వెయ్యలేదు. ఆ అమ్మాయికి భుజం దగ్గర ఎముక విరిగింది. అప్పుడు చెప్పాడట నాన్న, ఆస్పత్రి వరండాలో, అందరి ముందూ. నాలుగేళ్ల కిందట వచ్చుంటే చుక్కల మందుతో ఆగేది, ఇప్పుడు పోయింది పోయినట్టే అన్నాడట డాక్టరు.

ఇవన్నీ నాకు తెలీదు. నాకు చెప్పిన కథలో నాన్నకి ఒక్కసారిగా చూపు పోయింది.

అమ్మ నా వైపు చూడకుండానే ఇంకో కాయ తీసుకుంది. నువ్వూ ఆఖరి మెట్టు దగ్గర గోడ పట్టుకుంటున్నావు, రెండు నెలల్నుంచి చూస్తున్నాను, ఈసారి మాత్రం ఊరుకోను అంది.

కసిరాను. నీకు వేరే పని లేదా అన్నాను. అచ్చం నాన్న గొంతే వచ్చింది నాకు.

మార్చి 25, మంగళవారం

కళ్ల ఆస్పత్రికి వెళ్లాను. ఇంట్లో చెప్పలేదు. ఆఫీసులో పళ్ల డాక్టరు అని చెప్పాను.

ఫీల్డ్ టెస్ట్ అంటారు. ఒక కన్ను మూసి, గడ్డం ఆనించి, పెద్ద తెల్ల గిన్నెలాంటి దాంట్లోకి చూడాలి. నడుమ పసుపు చుక్క. దాని మీంచి చూపు కదపకూడదు. చుట్టూ ఎక్కడో ఒకచోట చిన్న లైటు వెలిగి ఆరిపోతుంది. కనిపిస్తే చేతిలో బటన్ నొక్కాలి.

మొదట బాగానే నొక్కాను. తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. మిషను మాత్రం ఆగలేదు. లోపల సన్నగా టిక్, టిక్ అంటూనే ఉంది. అంటే లైట్లు వెలుగుతున్నాయి, నాకు కనపడని చోట.

నేను గొంతుతో బతికేదాన్ని. ఎక్కడ ఆగాలో, ఎక్కడ అందుకోవాలో నాకు చెప్పక్కర్లేదు. టిక్ వినగానే నొక్కడం మొదలుపెట్టాను. రెండో కంటికీ అంతే. కాపీ కొట్టి పరీక్ష రాసినదానిలా దర్జాగా బయటికొచ్చాను.

టెస్ట్ చేసే అమ్మాయి చిన్నది, ఇరవై అయిదు కూడా ఉండవు. కాగితం చూసి, మేడమ్, మీరు లేని లైట్లకి కూడా నొక్కారండీ అంది. మిషను మధ్యమధ్యలో చప్పుడు మాత్రం చేసి కావాలనే ఖాళీగా వదిలేస్తుందట. ఆ ఖాళీల్లో కూడా మీకు లైట్లు కనిపించాయి అంది. కసురుకోలేదు. చాలామంది ఇలాగే చేస్తారండీ, మళ్లీ మంగళవారం రండి అంది.

ఉన్న మనిషిని లేడన్నాను. లేని లైట్లని ఉన్నాయన్నాను. పద్నాలుగేళ్ల సర్వీసు.

మార్చి 26, బుధవారం

మంగళవారం వెళ్లను. ఆఫీసులో పని ఉంది.

మార్చి 27, గురువారం

దాక్కోడానికి వీలు లేకపోయింది. సార్ చెల్లెలితో గంట ముందే వచ్చి హెడ్‌ఫోన్ల కౌంటర్ ముందు బెంచీ మీద కూర్చున్నాడు. నా చెప్పుల చప్పుడు గుర్తుపట్టాడు. ఏమ్మా, నా మీద అలకా అన్నాడు. లేదు సార్ అన్నాను.

మూడు వారాలుగా ఆ కిటికీలో ఆవిడ నాతో ఇంటికొస్తోందమ్మా అన్నాడు. నీ మాట నమ్మి, పాపం ఆవిడకి ఎవరూ లేరనుకున్నాను, అన్నం తింటున్నా అదే గుర్తొచ్చేది, మా చెల్లేమో ఉన్నాడంటోంది, మీ ఇద్దరిలో ఎవరిది నిజమో నేను వెళ్లి చూసుకోలేను కదా అన్నాడు.

కోప్పడి ఉంటే తట్టుకునేదాన్ని. నేను వెళ్లి చూసుకోలేను కదా అన్న మాట మామూలుగా అన్నాడు, బస్సు రాలేదు అన్నట్టు. పక్కన కూలబడ్డాను.

నాకు కనపడలేదు సార్ అన్నాను.

అనేశాక ఇంక ఆగలేదు. ముక్కు కారుతోంది, తుడుచుకోడానికి ఏమీ లేక హెడ్‌ఫోన్ స్పాంజి వాడాను. బొమ్మ, బటన్, నాన్న, ఇటుకల బండి, టిక్ టిక్, అన్నీ చెప్పాను. ఆయన, ఏ వైపు, ఎంత మేర, ఎన్నాళ్లనుంచి అని అడిగాడు, పియానోలో ఏ తీగ వదులైందని అడిగినట్టు. దొంగతనంగా నొక్కిన సంగతి చెబితే పడీపడీ నవ్వాడు. మా రోజుల్లో మిషను లేదమ్మా, డాక్టరు వేళ్లు చూపించి ఎన్ని అని అడిగేవాడు, నాకు కనపడకపోతే రెండు అనేవాణ్ని, ఆయన ఎక్కువసార్లు రెండే చూపించేవాడు అన్నాడు. అలా ఒక ఏడాది గడిచిపోయింది అన్నాడు. అప్పుడు నవ్వలేదు.

మంగళవారం వెళ్తున్నావు అన్నాడు. అడగలేదు, చెప్పాడు. చెల్లెలు తన చిన్న పుస్తకంలో రాసుకుంది కూడా.

తర్వాత లేచి, పద, ఇప్పుడు ఆ మనిషిని చెప్పు అన్నాడు.

బొమ్మకి దగ్గరగా వెళ్లి, ఎడమ మూలన ఆ మనిషి మీదే చూపు పెట్టి చెప్పాను. ఎన్ని గీతలో, టోపీ ఉందో లేదో, కాళ్లు ఎంత ఎడంగా ఉన్నాయో, సంచి ఎటు ఒరిగిందో చెప్పాను. నా బొటనవేలి కణుపు ఆయన చేత తడిమించి, ఇంత ఉంటాడు సార్ అన్నాను. పది నిమిషాలు పట్టింది. ఏ వాక్యమూ అందంగా రాలేదు.

ఏమని పిలుస్తున్నాడు అన్నాడు సార్. తెలీదు సార్, నోటికి చేతులు అడ్డం అన్నాను. ఆవిడకి వినపడిందా అన్నాడు. ఆవిడ కిందికి చూస్తోంది సార్ అన్నాను.

అయితే వినపడింది అన్నాడు.

ఏప్రిల్ 1, మంగళవారం

వెళ్లాను. వెళ్లేముందు అమ్మకి చెప్పాను. అమ్మ చెప్పులు వేసుకుని తయారైపోయింది, ఇంక ఏం అనను.

కనిపించినప్పుడే నొక్కాను. టిక్ వినిపిస్తుంది, ఏమీ కనిపించదు, వేలు బటన్ మీద ఉంటుంది, నొక్కకూడదు. ఇంత కష్టమైన పని నా జన్మలో చెయ్యలేదు. అమ్మ బయట బెంచీ మీద ఉందని గుర్తు చేసుకుంటూ కూర్చున్నాను.

డాక్టరు కాగితం చూపించాడు. రెండు కళ్లకీ కింది భాగంలో నల్లటి ముద్ద, ఎడమవైపు ఎక్కువ. కంట్లో ప్రెషర్ బాగా పెరిగిందట. పోయింది తిరిగి రాదు అన్నాడు. రోజూ చుక్కలు మానకుండా వేసుకుంటే మిగిలింది నిలబెట్టొచ్చు, మీరు మరీ ఆలస్యంగా రాలేదు అన్నాడు.

మరీ ఆలస్యంగా రాలేదు అన్న మాటకి అమ్మ అక్కడే, డాక్టరు ముందే, గట్టిగా ఏడ్చింది. అది నా కోసం కాదని నాకు అర్థమైంది.

సాయంత్రం 6

మా ఆయనకి చెప్పాను. మందు ఎన్ని పూటలు అని మాత్రం అడిగి బయటికి వెళ్లాడు. కోపం వచ్చిందేమో అనుకున్నాను. వెళ్లి చూస్తే, మెట్ల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, లిఫ్టు గుమ్మాలకి వేసే పసుపు టేపు ఆఖరి మెట్టు అంచుకి అతికిస్తున్నాడు. అంచులు సమానంగా రాలేదని పీకి మళ్లీ అతికించాడు.

మీ నాన్నకి నేను ఇలాంటిదేమీ వెయ్యలేదు అంది అమ్మ, నా వెనక నిలబడి.

ఏప్రిల్ 3, గురువారం

క్యూరేటర్ మేడమ్‌కి అంతా చెప్పాను. ఆవిడ మొహంలో రంగులు మారడం చూశాను. మొహం ఎదురుగా ఉంది కాబట్టి బాగానే కనపడింది. బ్రోచర్లు వెయ్యి పంచేశాం కదా, ఎలాగూ బాగుందంటున్నారు, దాన్ని అలాగే ఉంచేద్దామా అంది. తీసెయ్యండి మేడమ్ అన్నాను. ట్రాక్ కూడా మళ్లీ చదువుతాను, ఇకమీదట నేను రాసిన ప్రతిదీ రెండోవాళ్లు బొమ్మ ముందు నిలబడి సరిచూడాలి అన్నాను.

మూడు నెలలు చూద్దాం అంది. కళ్లు ఎలా ఉంటాయో, పని ఎలా సాగుతుందో. ఇంతకంటే మంచి మాట వస్తుందని నేనూ అనుకోలేదు. భయం పోలేదు. అద్దం ముందు నిలబడి నా మొహమే మూలమూలా వెతుకుతున్నాను, ఏదైనా తగ్గిందేమో అని.

ఏప్రిల్ 4, శుక్రవారం

ట్రాక్ 12 మళ్లీ రాశాను. కాపలా పెద్దాయన్ని టేపు మీద నిలబెట్టి ఒక్కో వాక్యం చదివాను. ఆయన ఒక్కోదానికీ బొమ్మ చూసి ఊఁ అన్నాడు. మూడో అంతస్తు దగ్గర ఆపాడు. అక్కడ కుర్చీ ఉంది కదమ్మా అన్నాడు. ఎక్కడ అని విసురుగా అన్నాను. చూస్తే ఉంది. నాలుగు కాళ్ల కుర్చీ. రాసుకున్నాను.

ట్రాక్ ఇప్పుడు అయిదు నిమిషాల పది సెకన్లు. సౌండ్ అతను బొటనవేలు ఎత్తాడో లేదో తెలీదు. చూడటం మర్చిపోయాను.

ఏప్రిల్ 10, గురువారం. ఉదయం 10:40

చుక్కలు వేసుకున్నాను. సార్ ఇంకా రాలేదు. హెడ్‌ఫోన్ పెట్టుకుని టేపు మీద నిలబడ్డాను. పైన ఆవిణ్ణే చూశాను, చూపు కదపలేదు. కింద ఏమీ లేదు. ఎడమవైపు కింద ఒక మనిషి ఉన్నాడు, పిలుస్తున్నాడు అని నా గొంతు చెప్పింది. సరే అన్నాను.